పులికాటు నీళ్ల మీద మిట్టమధ్యాహ్నం

గూడూరులో నాకు ఫొటో స్టూడియో ఉంది. ఆరుబయట ఫొటో అంటే పొద్దున్నో సాయంత్రమో పోతాం గానీ, ఎండ నడినెత్తిన ఉండగా కెమెరా విప్పే పిచ్చివాడు మా వృత్తిలో ఉండడు. నా భార్య గ్రేసమ్మ మాత్రం పులికాటు సరస్సును మధ్యాహ్నమే చూడాలనేది. ఆమె పుట్టిల్లు ఆ సరస్సు నడుమ దీవిలో. ఆ వేళ నీళ్లూ ఆకాశమూ ఒకటే తెలుపై, పడవ గాల్లో నిలబడినట్టు ఉంటుందట. కిందటేడు జ్వరమొచ్చి ఆమె పోయింది. మా పెళ్లి ఫొటోలు అంతకుముందే తుపానుకు తడిసి పాడైపోయాయి. ఆమె ముఖం ఎలాగూ లేదు, ఆమె చూసిన వెలుగైనా గోడకు తగిలించుకుందామని బయల్దేరాను.

తెల్లవారుజామున మద్రాసు ప్యాసింజరు ఎక్కితే ఇడ్లీల వేళకు సూళ్లూరుపేటలో దిగుతారు. అక్కడినుంచి సరస్సు ఒడ్డుకు జట్కా. నయాపైసలు వచ్చినా జట్కావాళ్లు ఇంకా అణాల్లోనే అడుగుతున్నారు, పన్నెండణాలకు ఒప్పుకుంటారు. మా జట్కా సాయబు నీళ్లకు ఫొటో ఏంటని దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఒడ్డున గ్రేసమ్మ అన్న, మా బావ, పడవతో కాచుకుని ఉన్నాడు.

సగం దారిలో ఎండ నిలువునా దిగింది. గ్రేసమ్మ చెప్పినదంతా నిజమే. ఒడ్డు ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియలేదు. కెమెరాలో కన్ను పెడితే మాత్రం ఉత్త తెల్లకాగితం. రెండు తీశాను గానీ అవి పనికిరావని తీస్తున్నప్పుడే తెలిసింది.

"చూసినావా?" అన్నాడు బావ, గెడ వేయడం ఆపి.

"చూశాను. ఫొటోకు రాదు బావా" అన్నాను. ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

దీవిలో దిగేసరికి ఇంటిల్లిపాదీ ఆదివారం బట్టల్లో, తలలు నున్నగా దువ్వుకుని ఇసుకలో వరసగా నిలబడి ఉన్నారు. ఫొటో తీసే అల్లుడు వస్తున్నాడంటే ఇంకెందుకనుకుంటారు మరి. నడినెత్తి ఎండకు నుదుటి నీడ పడి అందరికీ కళ్లు గుంటల్లా ఉన్నాయి. కింద తెల్లగుడ్డ పరిస్తే వెలుగు పైకి కొట్టి ముఖాలు తేరుకుంటాయి. ఆ గుడ్డ నేను తేలేదని చెప్పాను. అది విని బావ భార్య లోపలికి పోయి జరీ అంచు తెల్ల వెంకటగిరి చీర తెచ్చింది. ఆ ఇంటి పెళ్లికూతుళ్లంతా చర్చికి కట్టుకుపోయేది ఆ ఒక్క చీరే. గ్రేసమ్మ అది కట్టుకునే నా పక్కన నిలబడింది. వచ్చే నెల బావ కూతురు కట్టుకోవాలి.

ఉప్పు పట్టి పాడవుతుంది, ఇసుక మీద వద్దక్కా అన్నాను.

"ఉతికితే పోతాది తమ్ముడూ. మా ఆడబిడ్డ లేకుండా ఫొటో దిగతామా?" అని ఆమే వంగి పరిచింది.

ముఖాలన్నీ తేటపడ్డాయి. తీసేశాను.

ఆ ఫొటో ఇప్పుడు స్టూడియో గోడ మీద ఉంది. వెనక సరస్సు ఏదండీ, అంతా తెల్లగా పోయిందే అంటారు వచ్చినవాళ్లు. చీర కూడా అందులో పడలేదు. భూతద్దం పెడితే మాత్రం అందరి కళ్లలోనూ అడుగున ఆ చీర వెలుగు చిన్న తెల్లచుక్కగా కనిపిస్తుంది. స్టూడియో మూసేముందు రోజూ ఆ చుక్కలు చూసుకుంటాను, చూసినకొద్దీ ఆమె కావాలనిపిస్తుంది. మధ్యాహ్నం పోయేవాళ్లు నీళ్లను వదిలేసి మనుషులను తీయండి, వెంట ఒక తెల్లగుడ్డ తప్పకుండా తీసుకుపోండి. లేదంటే మా అక్క ఆ చీరే తెచ్చి పరిచేస్తుంది. దానికి ఇంకా పెళ్లిళ్లు ఉన్నాయి.