కరెంటు దానియేలు బండికి కరెంటు పోయింది

మొన్న శనివారం నుంచి మా కోట ఊళ్లో నన్నెవరూ వైరింగు పనికి పిలవడం లేదు. ఎందుకో చెప్తాను వినండి. నవ్వు వస్తే నవ్వుకోండి, ఊరంతా ఎలాగూ నవ్వేసింది.

సముద్రం పక్క పల్లెలో మా సంఘం వాళ్ల అమ్మాయి పెళ్లి, పదింటికి. పెళ్లి చేయాల్సింది మా పాస్టరు అయ్యగారు. పెళ్లివాళ్లు కారు పంపుతామంటే నేనే అడ్డం పడ్డాను. "కారెందుకు దండగ, నా బండి మీద అరగంటలో దించేస్తా" అన్నాను. ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్ని, బండి వైరింగంతా సొంతంగా చేసుకున్నవాణ్ణి. ఆ ధీమా.

తొమ్మిదింటికి బయలుదేరాం. దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలే, నీడకి ఒక్క చెట్టు లేదు. ముందు స్పీడ్ బ్రేకర్ కనబడింది. "అయ్యగారూ, సీటు గట్టిగా పట్టుకోండి" అన్నాను. పట్టుకున్నారు. బ్రేకర్ ఎక్కి దిగేలోపు బండి ఆగిపోయింది. లైటు లేదు, హారన్ లేదు, సెల్ఫ్ లేదు.

"ఏంది దానియేలూ, ఆగినావే?"

"ఫ్యూజ్ పోయుంటుంది అయ్యగారూ. రెండు నిమిషాలు."

ఫ్యూజ్ తీసి చూస్తే బంగారంలా ఉంది. బ్యాటరీ టెర్మినల్స్‌కి ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టింది. దొరికాడు దొంగ అనుకుని గీకి బిగించాను. ఊహూఁ. టెస్ట్ బల్బ్ పెడితే బ్యాటరీ దగ్గర వెలుగుతోంది, తాళం దగ్గర వెలగడం లేదు. మధ్యలో ఎక్కడో వైరు తెగిందన్నమాట. ఇక హెడ్‌లైట్ విప్పాను, ట్యాంకు ఎత్తాను, కనబడ్డ కనెక్షనల్లా పీకాను.

పెళ్లివాళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "వచ్చేశాం, దగ్గర్లోనే ఉన్నాం" అని రెండుసార్లు అబద్ధమాడాను, అదీ అయ్యగారి ఎదుటే. ఆయన తెల్ల అంగీ నలక్కుండా కల్వర్టు మీద కూర్చున్నారు. పదవుతోంది. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఆయన లేకపోతే అక్కడ పెళ్లే లేదు.

ఇంతలో ఐసు పెట్టెలతో పోతున్న చేపల ఆటో ఆగింది. "వందనాలయ్యగారూ, ఈడ ఆగినారేంది?" అన్నాడు డ్రైవరు. అయ్యగారు ఆటో ఎక్కి రెండు పెట్టెల మధ్య సర్దుకుని కూర్చున్నారు. "నువ్వు నిదానంగా రా" అన్నారు నాతో.

నిదానంగానే అన్నీ బిగించాను. చివర్లో సీటు పెడుతుంటే దాని అంచు కింద, ఫ్రేముకి, వేలికేదో తగిలింది. చిన్న స్విచ్చి. మా వీధిలో ఎవరిదో బండి పోయినప్పుడు, దొంగలకి దొరక్కుండా మెయిన్ వైరులో నేనే పెట్టుకున్నది. నెల రోజులు వాడి, బద్ధకించి, మర్చిపోయాను. అయ్యగారి వేళ్లు పడింది సరిగ్గా అక్కడే. గట్టిగా పట్టుకోమన్నది నేనే కదా.

స్విచ్చి వేస్తే బండి ఒక్క దెబ్బకి స్టార్టయింది.

నేను చేరేసరికి పెళ్లి సగంలో ఉంది. అయ్యగారి అంగీ మోకాళ్ల దాకా ఐసునీళ్లతో తడిసి ఉంది. నల్లటి చేతులు వెనక్కి పెట్టుకుని చివర్లో నిలబడ్డాను. ప్రమాణాలు మొదలుపెట్టగానే మైకు పోయింది. పెళ్లికూతురి నాన్న నన్ను చూసి, "మన దానియేలు వచ్చినాడు, చూస్తాడులే అయ్యగారూ" అన్నాడు.

అయ్యగారు పుస్తకంలోంచి తలెత్తలేదు. "వద్దులే నాయనా. పెళ్లయ్యేదాకా దానియేలుని ఏదీ ముట్టుకోనీబాకండి" అన్నారు.

మైకు లేకపోయినా ఆ మాట చర్చంతా వినబడింది.