బ్రహ్మం తాత గ్రీకు కుండ

కుండల మీద బొమ్మలు వేయడం గ్రీకులు నేర్చుకున్నది దిల్‌సుఖ్‌నగర్ బ్రహ్మం తాత దగ్గరే. ఆయన పుట్టడానికి రెండున్నర వేల ఏళ్ల ముందే నేర్చేసుకోవడం వాళ్ల తొందరపాటు.

అవి సకల జనుల సమ్మె రోజులు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. బోర్డులు రాయించుకునేవాడు లేడు. పెయింటర్ బ్రహ్మానికి కాలు నిలవడం లేదు. ఊరేగింపు వెంట ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా పోయి వచ్చి, గులాబీ కండువా తీయకుండానే కుండ ముందు కూర్చునేవాడు. కొత్తగా పెట్టబోయే హోటల్ వాళ్లు పాత గ్రీకు కుండ ఫొటో ఇచ్చి, అచ్చం అలాగే వేయమన్నారు. అందులో ఎకిలీస్, ఏజాక్స్ అనే ఇద్దరు వీరులు యుద్ధం మధ్యలో పాచికలాడుతుంటారు. ఈటెలు మాత్రం చేతుల్లోంచి దించరు. ఎవరికి ఎంత పడిందో వాళ్ల నోటి దగ్గర రాసి ఉంటుంది: ఎకిలీస్‌కి నాలుగు, ఏజాక్స్‌కి మూడు.

ఎకిలీస్‌కి తాత తన ముక్కే పెట్టుకున్నాడు. ఏజాక్స్ దగ్గర కుంచె ఆగిపోయింది. ఆటలో తనకెదురుగా కూర్చునే ఆ చోటు పక్క వాటా జోగారావుది. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ ఆయన, రోజూ సాయంత్రం తాతతో అష్టాచెమ్మా ఆడేవాడు. "మీ ఊరికెప్పుడు పోతున్నవ్ జోగన్నా?" అని తాత నవ్వులాటకు అన్న రోజు నుంచి జోగారావు గవ్వలు ముట్టలేదు.

తాత లేచి గోడ మీంచి తొంగి చూశాడు. దగ్గాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"పోయి పిలువరాదు తాతా," అంది మనవరాలు ఇందు.

"నేనెందుకు పిలుస్త? ఆయన ముక్కు యాదికొస్తలేదు, గంతే."

ఇందు ఊరుకునే రకమా? గోడెక్కి అరిచింది. "జోగారావు తాతా! మా తాత కుండ మీద ఓడిపోయేటోని బొమ్మ గీస్తుండు. దానికి నీ ముక్కే పెడతడట!"

జోగారావు చెప్పులు కూడా తొడుక్కోకుండా వచ్చేశాడు. కుండను ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఏవయ్యా బ్రహ్మం, నీకు నాలుగు, చెమ్మ పడి నాకు మూడేంటి?"

"ఫొటోల గట్లనే ఉంది."

"ఫొటో ఎవడిక్కావాలి? ఆడి తేల్చుకుందాం. ముందా కండువా తియ్యి."

"తియ్య."

"అయితే ఉంచుకో. గవ్వలు తియ్యి."

మడమలు నేలకు ఆనించకుండా కూర్చున్నారిద్దరూ, ఏ క్షణాన లేచిపోతారో అన్నట్టు. గవ్వలు దొర్లుతుంటే తాత కళ్లు మాత్రం జోగారావు ముక్కు మీదే ఉన్నాయి. చీకటి పడేలోగా ఏజాక్స్‌కి ముక్కొచ్చింది. కుండ మీది అంకెలు రెండూ తాత చేత్తోనే చెరిగిపోయాయి.

ఇదంతా రాసుకొచ్చిన ఇందు అడిగింది. "చివర ఎవరు గెలిచిన్రని రాయాలె తాతా?"

"ఆట నడుస్తుంటే గెలుసుడేందే? ఆ కలం పక్కకు పెట్టి రెండు చాయ్‌లు తే, పో."