చెల్లో మీద డప్పు దరువు

నేను చెల్లో నేర్చుకుంటున్న రోజులవి. చెల్లో అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్. చిన్నమ్మ కూతురి పెళ్లిలో వాయిస్తానని గొప్పగా చెప్పి వాళ్ల ఊరు లింగాలకు దాన్ని మోసుకెళ్లాను. తీరా పందిట్లో పెట్టె తెరిస్తే తీగల మీద గీసే కమాను లేదు! జనమంతా నావైపే చూస్తున్నారు. ఏడుపొక్కటే తక్కువ.

ముందు వరుసలోంచి మా తాత లేచొచ్చాడు. "గింతదానికే పరేషానైతవేందే? కర్ర లేకుంటే చేతులు లేవా? కొట్టు!" అంటూ చెల్లో చెక్క మీద దరువేశాడు. బెదురుతూనే నేనూ అరచేత్తో అందుకున్నాను. మోతకు పందిరంతా ఊగిపోయింది. పెళ్లికూతురైతే చీర కుచ్చిళ్లు పట్టుకుని చిందేసింది!

నేను పుట్టకముందే తాత డప్పు వదిలేశాడట. ఆయన చేతి దరువు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. అందుకే కమాను మరిచిపోయినందుకు నాకిప్పటికీ సంతోషమే.