అప్పజెప్పినంక గుంజుకుంటమా

మొన్న ఆదివారం మా ఓనరమ్మ పోయారు. ప్రభువునందు నిద్రించారని చర్చివాళ్లు అంటున్నారు. పోట్లాడకుండా నిద్రపోయారంటే మాత్రం నేను నమ్మను.

కొండాపూర్‌లో ఆవిడ ఇంట్లో పైవాటా మాది. మా అమ్మాయిని బాచుపల్లి హాస్టల్లో దింపి వచ్చి నేను ఏడుస్తుంటే, పప్పు గిన్నెతో పైకొచ్చారు. “బాచుపల్లి గూడ దేవుని చేతిలనే ఉన్నదమ్మా. లే, అన్నం తిను.”

ఆవిడకు ఒక్కతే కూతురు, నర్సు. ఇక్కడి పెద్దాసుపత్రి ఉద్యోగం వదిలేసి, అడవిలో ఓ చిన్న దవాఖానకు వెళ్తానంది. ఖాజాగూడ నుంచి ఆవిడ ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది.

“ఆడపిల్లను ఒక్కదాన్నే తోలుతవా? గుండెనొప్పి అని పండుకో వదినా, అదే ఆగుతది.”

“అబద్ధమాడి బిడ్డను ఆపుకొని, ఏ మొఖంతోని మోకాళ్లూనాలె? తొట్లెల ఉన్నప్పుడే దేవునికి అప్పజెప్పిన. అప్పజెప్పినంక గుంజుకుంటమా?”

వానాకాలం అక్కడ ఫోన్లు పలికేవి కావు. అలాంటప్పుడు ఆవిడ డాబా ఎక్కి ఆకాశంతో గొడవపడేవారు. “నీ మీద పెట్టిన. జర చూస్కో. కండ్లు మూయకు!” బట్టలు ఆరేస్తూ ఓసారి అడిగేశాను, భయం వేయదా పెద్దమ్మా అని.

“ఎందుకెయ్యదు? భయపడుకుంటనే తోలిన. గని భయం చెప్పినట్టు నేను వినను.”

నిరుడు ఆవిడకు క్యాన్సర్ అని తేలింది. దాచలేదు, కూతురికి తనే చెప్పారు. ఆ పిల్ల ఉద్యోగం మానేస్తానని వచ్చేసింది.

“ఉండు, నాతోని కడుపునిండ ముచ్చట పెట్టు. ఆ తర్వాత ఎన్కకు పో. నాకు చర్చోళ్లున్నరు, పైవాటోళ్లున్నరు. ఆడ కాన్పుకొచ్చే ఆడోళ్లకు ఎవరున్నరు?”

ఆ పిల్ల ఏడుస్తూనే వెళ్లింది. బస్సు కదిలాక ఆవిడా ఏడ్చారు. కళ్లు తుడుచుకుని, “ఏడ్చుడు వేరు, ఆపుడు వేరు” అన్నారు నాతో.

ప్రాణం పోయేవేళకు ఆ పిల్ల రాలేకపోయింది, సమాధి చేసేటప్పటికి చేరుకుంది. సమాధి దగ్గర మేనత్త అందరిలో అనేసింది: “కన్నతల్లి పోయేటప్పుడు గూడ లేకపోతివి!”

నేనే ముందుకెళ్లాను. “వెళ్లమన్నది ఆవిడేనండి. నా చెవులతో విన్నాను.”

ఆ పిల్ల చెప్పులు విడిచి, రెండు చేతులా మట్టి తీసి తల్లి మీద వేసింది. పాస్టరుగారు నోరు తెరిచేలోపే తనే పాట అందుకుంది. గొంతు జీరబోయినా ఆపలేదు. కాసేపటికి, పక్కన నిలబడ్డ మేనత్త కూడా పెదాలు కదపడం మొదలుపెట్టింది.