రాణిగారి వంశవృక్షంలో చుక్కల గీత

మా అత్తవారిది రాణిగారి వంశం. ఆ ముక్క పెళ్లిచూపులనాడే చెవిన వేశారు. పాలమూరు వైపు ఓ చిన్న సంస్థానం ఉండేదట, దాని రాజుగారి మూడో భార్య ఈ రాణిగారు. అంతటి వంశానికి కోడలినై నేను సైదాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో కాపురం పెట్టాను. మా ఆయనకు ఎల్‌బీ నగర్‌లో బ్యాటరీల షాపు. ఎండాకాలం ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డప్పుడు ఏ రాణీ గుర్తుకు రాదు గానీ, నలుగురు చుట్టాలు కూడితే చాలు, కథ మొదలవుతుంది.

కథ చెప్పేది మా పెద్దమామయ్య, అంటే మా మామగారి అన్న. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రాజుగారు పోయారట. రాణిగారికి పిల్లల్లేరు. సంస్థానాన్ని మింగేద్దామని దాయాదులు కాచుక్కూర్చున్నారు. రాణిగారు ఏడుస్తూ మూల కూర్చోకుండా, ఓ పేదింటి పిల్లాణ్ని తెప్పించి, అందరి ముందూ ఒళ్లో కూర్చోబెట్టుకుని "వీడు నా కొడుకు" అన్నారట. ఆ పిల్లాడి సంతానమే మా వాళ్లంతా. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పెద్దమామయ్య గొంతు ప్రతిసారీ పూడుకుపోతుంది. అబద్ధమెందుకు, మొదట్లో నాకూ కళ్లు చెమర్చేవి.

మాకు పిల్లలు కలగలేదు. దవాఖానల చుట్టూ తిరిగి విసిగి, శిశుగృహం నుంచి ఓ పాపను తెచ్చుకున్నాం. ఇప్పుడు నాలుగో తరగతి. మేం దానికి ఏదీ దాచలేదు. రాణిగారి కథంటే మా ఇంట్లో అందరికన్నా దానికే ఎక్కువ ఇష్టం. "నన్ను గూడ అట్లనే ఒళ్లో కూర్చోవెట్టుకున్నవా మమ్మీ?" అని ఎన్నిసార్లు అడిగిందో. అట్లనే అని చెప్పేదాన్ని. నిజం కూడా అదే కదా.

పోయినేడు పెద్దమామయ్యకు వంశాన్నంతా ఒకచోట చేర్చాలని బుద్ధి పుట్టింది. తుర్కయంజాల్ దగ్గర ఫంక్షన్ హాలు మాట్లాడారు. స్టేజీ మీద వంశవృక్షం పెద్ద ఫ్లెక్సుగా కట్టాలన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్ పక్క గల్లీలోనే ఫ్లెక్సు షాపు. పేర్లు సరిచూడటానికి పెద్దమామయ్య వస్తే మా ఆయనా నేనూ వెళ్లాం. కంప్యూటర్‌లో మా ఇద్దరి పేర్ల కింద ఖాళీగా ఉంది. పాప పేరు మర్చిపోయినట్టున్నారని అన్నాను.

"మర్చిపోలేదమ్మా," అన్నారు పెద్దమామయ్య. "పాపను మనం కాదంటలేము. గని వంశవృక్షం అంటే రక్తం."

"మరి రాణిగారు ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్లగాడు?"

"ఆయన మన కులపోడే గదా. అది వేరే."

నాకు ఒళ్లు మండిపోయింది. రక్తం అన్న మనిషి అర నిమిషం తిరక్కుండానే కులంలోకి దిగాడు. ఇంకేదో అనబోతే మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊకో" అన్నాడు. ఈయన నోట ఆ మాట తప్ప ఇంకో మాట విని ఎన్నాళ్లయిందో. గొడవ ముదురుతోందని భయపడ్డాడేమో, డిజైన్ చేసేతను మధ్యలో దూరి, పాప పేరు పెట్టి పైకి చుక్కల గీత ఇద్దామా సార్ అన్నాడు. పెద్దమామయ్య ముఖం వెలిగిపోయింది. అలాగైతే రాణిగారి కింద కూడా చుక్కలే పెట్టమన్నాను. మీరంతా ఆ గీతకే కదా వేలాడుతున్నారు అన్నాను. నాతో మాట్లాడలేనన్నట్టు ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చివరికి రాణిగారి కింద నిండు గీతే, మా కింద చుక్కల గీత. పాప పేరైనా ఉంటుందిలే అని నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హాల్లో అడుగుపెట్టగానే పాప స్టేజీ దగ్గరికి పరుగెత్తింది. నేను వెనక కుర్చీల్లో కూర్చున్నాను. పెద్దమామయ్య మైకులో రాణిగారి ఒడి దగ్గరికి వచ్చారు, గొంతు పూడుకుపోయింది, అంతా చప్పట్లు కొట్టారు. అప్పుడే ఎవరో అత్తయ్య, పిల్లెవరో ఫ్లెక్సు ఖరాబు చేస్తోందని అరిచింది. చూస్తే మా పాప. పిల్లలు బ్యాడ్జీల మీద పేర్లు రాసుకునే మార్కర్ తెచ్చుకుని, స్టూలెక్కి, ముగ్గు చుక్కలు కలిపినట్టు ఆ చుక్కల్ని కలిపేసింది. ఎందుకు చేశావని అడిగితే, "సగంల ఇడిసిపెట్టిన్రు, అందుకే కలిపిన" అంది. అందరూ నవ్వారు. పెద్దమామయ్య కూడా నవ్వారు. పోనీలే, పెద్దలతో కానిది పిల్లతో అయిందనుకున్నాను. ఆ పూట కడుపునిండా తిన్నాను కూడా.

దసరా దాటాక ఆ వంశవృక్షాన్నే ఇంటింటికీ ఫ్రేము కట్టించి పంపారు పెద్దమామయ్య. మా ఇంటికీ వచ్చింది. షాపు కంప్యూటర్‌లో ఉన్నది ఉన్నట్టు తీసిన బొమ్మ. చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పాప స్కూల్ బ్యాగ్ దించకుండానే ఫ్రేము ముందు నిలబడి, తన పేరు మీది చుక్కల మీద వేలు పెట్టింది.

"మమ్మీ, మళ్ల ఇడగొట్టిన్రా?"

అన్నం తింటున్న మా ఆయన వైపు చూశాను. ఊకో అంటాడనుకున్నాను. అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, స్క్రూడ్రైవర్ తెచ్చి, ఫ్రేము బోర్లించి వెనక మేకులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.

"మార్కర్ తీస్కరా బిడ్డా," అన్నాడు.

పాప లోపలికి పరుగెత్తింది. ఈయన ఈ నోరేదో ఆ రోజు ఫ్లెక్సు షాపులో తెరిచి ఉంటే ఏం పోయేదని నా నాలుక చివరిదాకా వచ్చింది. అనకుండా, ఫ్రేములోంచి జారిపోతున్న అద్దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.