జ్వరం విడిచిన రోజు

మా సైన్సు మాస్టారు పోయారని సోమవారం గురజాల నుంచి ఫోన్ వచ్చింది. డెంగీ అట. ఆ ‘అట’ అనడానికి నాకు నోరెలా వచ్చిందో! రక్తపరీక్షలో తేలిన రోజే ఆయన నాకు చెప్పారు.

నరసరావుపేట కాలేజీలో నేను పిల్లలకు చెప్పే పాఠమే అది. రిటైరయ్యాక మాస్టారు ఆ పాఠం నాతో పదేపదే చెప్పించుకునేవారు. “ఏమే, ఒంట్లో అంతమంది కావలోళ్ళుండంగా దోమ తెచ్చిన దొంగ ఎట్టా దూరిందే?” నేను ఇంగ్లీషు మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవారు. “అట్టా కాదు. మిరపకాయల టిక్కీల మీద చెప్పు.” మా వైపు మిరప బస్తాని టిక్కీ అంటారు.

“ఆ దొంగ వైరసు పరాయి టిక్కీ మీద మన మార్కే వేసుకొచ్చి మన సరుకులో కలిసిపోద్ది మాస్టారూ. ఎవరన్నా పసిగట్టి కేకేయబోతే గొంతు నొక్కుద్ది.”

చానా సంబరపడేవారు. “అయితే కావలోడి తప్పేం లేదులే పాపం,” అనేవారు. ఎవరి తప్పునైనా అలాగే తేల్చేసే మనిషి. పరీక్ష పేపర్లో కూడా కొట్టివేత ఉండేది కాదు, పక్కన చిన్న చుక్క మాత్రం పెట్టేవారు. ఈ రోజు నాకు ఉద్యోగం ఉందంటే ఆ చుక్కల పుణ్యమే.

పోవడానికి ముందు గురువారం ఆయనే ఫోన్ చేశారు. “జ్వరం విడిచిందమ్మాయ్. కడుపులో మాత్రం ఒకటే నొప్పి. నీళ్ళు తాగినా వాంతవుతంది.”

నేను క్లాసుకు వెళ్ళే తొందరలో ఉన్నాను. “విడిచిందిగా మాస్టారూ, ఇంకేం భయం లేదు. పథ్యం తినండి, సర్దుకుంటుంది,” అన్నాను.

మా ఇళ్ళల్లో జ్వరం విడిచిందంటే గండం గడిచినట్టే. డెంగీలో అసలు గండం అప్పుడే మొదలవుతుందని, కడుపునొప్పీ వాంతులూ దాని గుర్తులేనని బోర్డు మీద రాసేదాన్ని నేనే. ఆ రోజు చదువు కన్నా ముందు ఇంటి మాట నోట్లోంచి వచ్చేసింది. సిగ్గుతో చెబుతున్నాను, నేను ఆయన నొప్పి సంగతి విననే లేదు.

సోమవారం ఫోన్ రాగానే గురజాల వెళ్ళాను. మాస్టారి భార్య నా రెండు చేతులూ పట్టుకున్నారు. “పెద్దాసుపత్రికి పోదామంటే, ‘అమ్మాయి చెప్పిందిగా, భయం లేదంట’ అన్నారమ్మా. నీ మాటతో ఆ పూటన్నా నిమ్మళంగా ఉన్నారు. నీ మేలు మరువలేను.”

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. “మంచినీళ్ళు తాగొస్తానండీ,” అన్నాను. ఆమెకు చెప్పలేనిది మీకు రాస్తున్నాను, అదీ నా ధైర్యం.

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. పథ్యానికని ఆయన తెప్పించుకున్న లేత బీరకాయలు బుట్టలో వడలిపోయి ఉన్నాయి.