వద్దన్నా వెళ్ళిన రొయ్యల పచ్చడి

కార్తీక సోమవారం నాడు గుడివాడలో ఒక ఇంటికి నా చేతి రొయ్యల పచ్చడి వెళ్ళింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను చదివింది మూడో తరగతి. బందరులో పచ్చళ్ళు అమ్మి ఇల్లు నడిపినదాన్ని. దివిసీమ నుంచి రొయ్యలు వస్తే ఒలిచేదీ వేయించేదీ నేనే. వాటిని ఫోనులో అమ్మే ఏర్పాటు మాత్రం వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్న మా మనవరాలిది. పచ్చడికొక బొమ్మ పెట్టింది. బొమ్మ మీద ఎక్కడ నొక్కినా ఆ పచ్చడి బుట్టలో పడుతుంది. బొమ్మ మూలనే 'వద్దు' అని చిన్న బటన్. అది నొక్కితే బుట్టలోంచి పోవాలి.

ఆ గుడివాడ ఆవిడ ఏళ్ళ తరబడి నా దగ్గరే కొంటోంది. ఆవిడ చెప్పబట్టే ఆ వీధిలో చాలా ఇళ్ళలో నా పచ్చడి తింటున్నారు. ఆర్డరులో గోంగూర పక్కన రొయ్యలు కూడా కనిపించేసరికి నాకు అనుమానం వచ్చింది.

"ఈ నెలంతా వాళ్ళు నీసు ముట్టరే. ఒకసారి ఫోన్ చేసి అడుగు" అన్నాను.

"ఆర్డర్ వచ్చిందంటే వాళ్ళు నొక్కారనే కదా అమ్మమ్మా. చుట్టాలెవరైనా వచ్చారేమో!" అంది మనవరాలు తల కూడా ఎత్తకుండా.

పంపాం. దీపాలు సర్దుకుంటూ పార్సిల్ విప్పారట. వెంటనే ఆవిడ ఫోన్.

"పిన్నిగారూ, పొరపాటున చెయ్యి తగిలితే వెంటనే వద్దు నొక్కాను కదండీ! మా అత్తగారు ఇల్లంతా కడిగిస్తున్నారు. మీ పచ్చడి ఇక గుమ్మంలోకి రానివ్వనంటున్నారు."

మనవరాలు ఆ పేజీ తెరిచి చాలాసేపు చూసింది.

"చిన్న బగ్ అమ్మమ్మా. బటన్ బొమ్మ లోపల ఉంది కదా, బటన్ మీద నొక్కితే ఆ నొక్కు బొమ్మకీ చేరుతుంది. బటనేమో తీసేసింది, బొమ్మ మళ్ళీ పెట్టేసింది. అలా చేరకుండా ఆపే లైను మిగతా పచ్చళ్ళన్నిటికీ రాశాను. రొయ్యలు చివర్లో చేర్చాను కదా, దానికి మర్చిపోయాను."

"అన్నిటికీ అంటే? పచ్చడి పచ్చడికీ విడిగా రాశావా?"

"కాపీ చేసి అతికించాను. పని చేస్తోంది కదా, లోపల ఎవరు చూస్తారు?"

ఆ మాటకి నా కోపం నషాళానికంటింది.

"లోపల ఎవరు చూస్తారని రొయ్య వీపున నల్లనరం తీయకుండా వేయించనా నేను? కూరలో ఉప్పు గిన్నెకి వేస్తారా, ముక్క ముక్కకీ వేస్తారా? చిన్న బగ్గట! నా గుమ్మం పోయిందే అక్కడ!"

ముక్కు ఎగబీలుస్తూ కూర్చుని అతికించినవన్నీ తీసేసింది. నేను కదల్లేదు, ఎదురుగానే కూర్చున్నాను. చివరికి చెప్పింది.

"ఇప్పుడు బొమ్మలన్నిటికీ కలిపి ఒక్కటే రాశాను. ఎక్కడ నొక్కినా ముందు అక్కడికే వస్తుంది. నొక్కింది 'వద్దు' అయితే తీసే పనికి పంపుతుంది, బొమ్మ అయితే పెట్టే పనికి పంపుతుంది. ఆ రెండు పనులూ విడివిడిగా పేర్లు పెట్టి రాశాను. కొత్త పచ్చడి చేర్చినా ఇంకేమీ రాయక్కర్లేదు."

"అయితే దోసావకాయ చేర్చు."

చేర్చింది. బొమ్మ నొక్కాను, బుట్టలో పడింది. వద్దు నొక్కాను, పోయింది. ఈ మాత్రం బుద్ధి మొదటే ఉండి ఉంటే ఆ ఇంట్లో బకెట్ల కొద్దీ నీళ్ళు మిగిలేవి.

మర్నాడు మనవరాలి ఫోను తీసుకుని గుడివాడ బస్సెక్కాను. ఆవిడ అత్తగారు నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది. పేజీ తెరిచి ఫోను అత్తగారి చేతికే ఇచ్చాను.

"మీరే నొక్కి చూడండి వదినగారూ."

రొయ్యలు నొక్కింది, వద్దు నొక్కింది. బుట్ట ఖాళీ. నమ్మకం కుదరక మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఖాళీ.

"లోపలికి రండి" అంది చివరికి. "నెల వెళ్ళాక రొయ్యలు నేనే నొక్కుతాలెండి."

"నొక్కండి. నేను మాత్రం ఫోన్ చేసి అడిగాకే పంపుతాను" అన్నాను.

వాళ్ళు ఇంట్లో ఉంచకుండా పెరటి గట్టు మీద పెట్టిన రొయ్యల సీసా సంచీలో వేసుకుని మరీ బస్సెక్కాను. దాన్ని నెలంతా మనవరాలి కంచంలోనే వడ్డించాను.